దొరకు తెలుగు చెప్పిన పంతులు

మా పెదనాన్న సుందరరామయ్యగారిని ఎవరైనా 'దొరకు తెలుగు చెప్పిన పంతులు' అని గొప్పగా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అసలేం జరిగిందో తెలిసినవాళ్ళలో ఇంకా మిగిలున్నది నేనే.

కొండల్లో జనం సర్కారు మీద తిరగబడి పితూరీ నడుస్తున్న రోజులు. నర్సీపట్నంలో మకాం వేసిన పోలీసు దొర ఒకడు తెలుగు పరీక్ష పాసవ్వాలని పెదనాన్నను కుదుర్చుకున్నాడు. సూత్రాలు వల్లె వేయించడమంటే పెదనాన్నకు చిరాకు. నలుగురిలో పడితేనే భాష వస్తుందని ఆయన పట్టు. వారం వారం దొరను సంతకు నడిపించుకుపోయేవారు. అక్కడ ఇంగ్లీషు చెల్లదు. వేలు చూపించకూడదు. ఏది కావాలన్నా నోటితో అడిగి కొనుక్కోవాలి.

ఉప్పమ్మే జోగులమ్మ దగ్గర మొదటిరోజు దొర, "ఉప్పు ఇవ్వు," అన్నాడట.

"ఏటి పంతులుగారూ, దెబ్బలాటకొచ్చినట్టు అడుగుతన్నాడు? కాస్త మెత్తగా అడగమనండి," అంది జోగులమ్మ. సంతంతా నవ్వింది. కొన్నాళ్ళకు ఆవిడే పక్కవాళ్ళతో, "మా దొర బేగి నేర్సేసుకుంటన్నాడు," అని మురిసిపోయేది.

'మా'కూ 'మన'కూ తేడా ఆ ఉప్పురాశి పక్కనే చెప్పారు పెదనాన్న. మన ఇల్లు అంటే వినేవాణ్ణి కలుపుకున్నట్టు, మా ఇల్లు అంటే బయట నిలబెట్టినట్టు అని. తమ భాషలో రెంటికీ ఒకటే మాట కావడంతో ఈ తేడా తెలిసినందుకు దొర తెగ సంబరపడ్డాడు.

ఇంతలో కొండమీదికి సరుకు పోకూడదని హుకుం వచ్చింది. ఆ వారం సంతలో దొర మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీ ఉప్పు ఎవరు కొంటారండీ?"

"ఎవరేటి బాబూ, కొండమీద మావోళ్ళు. ఆళ్ళు దిగకపోతే నాకు బేరమేదీ?"

మర్నాడు ఆవిణ్ణి ఠాణాలో పెట్టారు. పెదనాన్న కండువా కూడా వేసుకోకుండా పరుగెత్తారు.

"మీరే చెప్పారు పంతులుగారూ," అన్నాడు దొర, నేర్చుకున్న తెలుగులోనే. "ఆమె మనవాళ్ళు అనలేదు. మావాళ్ళు అన్నది. నన్ను బయట నిలబెట్టినది. ఆమె వాళ్ళ మనిషి."

"అది బేరగాళ్ళ మాటండీ. ఏళ్ళ తరబడి తన దగ్గర కొనేవాళ్ళను అలాగే అంటుంది. మిమ్మల్ని మా దొర అనడం లేదూ? ఆ లెక్కన మీరూ ఆవిడ మనిషే. పదండి, మీరూ లోపల కూర్చోండి."

దొర నవ్వాడు. జవాబు బాగుందని మెచ్చుకున్నాడు కూడా. జోగులమ్మను మాత్రం వదల్లేదు. సంతలో ఆవిడ ఉప్పురాశి వానకు కరిగిపోతుంటే తీసి దాచడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు.

పితూరీ అణిగాక వదిలిపెట్టారు. పెదనాన్న సంతలో ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"ఉప్పు కావాలంటే కొలుస్తాను బాబూ. మాటలడక్కండి," అంది, తల ఎత్తకుండా.

దొర పరీక్ష పాసయ్యాడు. పై పరీక్షకు కూడా చెప్పమని కబురు పెట్టాడు. పెదనాన్న బంగళాకు వెళ్ళారు. గుమస్తాలూ జవాన్లూ చూస్తుండగా వరండాలో నిలబడి, తనకు తెలుగు రాదని ఇంగ్లీషులో చెప్పి వచ్చేశారు.