గడియ తీసి ఉన్న తలుపు

మా ఇంట్లో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో నవ్వేసి చెడగొట్టేదాన్ని నేనే. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

పెళ్లయ్యాక రాయ్‌పూర్ శివార్లలోని బీర్‌గావ్‌లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాం. ఆయనకు స్టీలు ఫ్యాక్టరీలో పని. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ లాకర్లోనే ఉంటుంది. నేనేమో వాగుడుకాయని. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో చుట్టూ తెలుగువాళ్ల మధ్య పెరిగాను. ఇక్కడ హిందీలో బేరమాడగలను గానీ, మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి లేడు.

వేసవి మధ్యాహ్నం వీధి వీధంతా తలుపులేసుకుని కూలర్ల ముందు పడుకునేది. నాకు ఆ వేళంటేనే బెంగ. లోపల గడియ పెట్టుకుని అమ్మకు ఫోన్ చేసేదాన్ని. "ఏటే, మళ్లీ నువ్వేనా? పొద్దున్నే కదే మాట్లాడినావు. కూర మాడిపోతంది, ఫోన్ పెట్టీ" అనేది. తను మాత్రం పెట్టేది కాదు.

చిన్నప్పటి నుంచి నాకు అప్పుడప్పుడు చెయ్యో, పెదవో, కనురెప్పో ఉబ్బేది. దురద ఉండదు, దద్దుర్లు రావు. రెండు మూడు రోజులకు దానంతటదే తగ్గేది. కడుపు మెలిపెడితే గ్యాస్ అన్నారు, వాపు వస్తే వంకాయ పడలేదన్నారు. మా ఇంట్లో నాకంటే ఎక్కువ తిట్లు తిన్నది వంకాయే.

అప్పుడే పిల్లలు వద్దనుకుని, మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని వాడుతున్నాను. ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే ముద్ద దిగలేదు. అద్దంలో చూస్తే పెదవులు పొంగి ఉన్నాయి. కాసేపటికి నాలుక మందమైంది. గొంతు బొంగురుపోయి, చివరికి మాటే ఆగిపోయింది.

ఆయన ఫోన్ మోగి మోగి ఊరుకుంది. అమ్మకు చేశాను. ఎత్తింది. "అమ్మా" అందామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. అంత వాగేదాన్ని, ఒక్క మాట దొరక్క మంచం పక్కన కూలబడ్డాను. తలుపు దాకా పాకుదామనుకున్నాను. కాళ్లు కదల్లేదు. అంతవరకే గుర్తుంది.

అమ్మ వెంటనే కింద ఉండే ఇంటావిడకు ఫోన్ చేసిందట. ఆమె పైకొచ్చి నన్ను ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. గొంతులో గొట్టం వేసి ఊపిరి నిలబెట్టారు. ఎలర్జీ సూదులు వేసినా వాపు కదల్లేదు. డాక్టరమ్మకు అనుమానమొచ్చి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని, అప్పటికి చేరుకున్న అమ్మను అడిగింది.

మా మేనత్త ఒకామె నేను పుట్టకముందే పోయింది. ఆమెకూ ఇలాగే మొహం ఉబ్బేది. ఎవరూ చూడకూడదని గదిలోకెళ్లి గడియ పెట్టుకునేదట. ఆఖరిసారి తలుపు పగలగొట్టేసరికే ప్రాణం పోయింది. గాలి సోకిందన్నారు అందరూ.

అది గాలి కాదు, వంశంలో వచ్చే జబ్బు. వాపును అదుపులో ఉంచే పదార్థమొకటి మా రక్తంలో తక్కువట. నాకు ప్లాస్మా ఎక్కించారు. రక్తం బయట ల్యాబుకు పంపి ఖాయం చేసుకున్నారు. నేను వాడిన మాత్రలు దాన్ని రెచ్చగొట్టి ఉంటాయని ఆపించారు. కొన్ని రకాల బీపీ బిళ్లలు కూడా నాలాంటివాళ్లు వేసుకోకూడదట. నాన్నకు పరీక్ష చేస్తే ఆయనకూ ఉంది. ఇన్నాళ్లూ మా ఇద్దరికీ గ్యాస్ అనుకున్న నొప్పి ఇదే.

ఇంతవరకూ అన్నిటికీ లెక్క కుదురుతుంది.

గొట్టం తీశాక అమ్మ చెప్పింది. ఆ ఫోన్లో బొంగురు గొంతు ఒకటి మాట్లాడిందట. "వదినా, పిల్ల ఒక్కత్తీ ఉంది. గడియ తీసే ఉంచినాను" అందట.

"నేనేం మాట్లాడలేదమ్మా" అన్నాను.

"నువ్వు కాదని నాకు తెల్దా? నువ్వు నన్ను వదినా అంటావేటే?" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

కంగారులో అమ్మ చెవికి అలా వినిపించి ఉంటుంది. నా గొంతు బొంగురుపోయిందంటే, అత్త గొంతూ చివర్లో అలాగే ఉండి ఉంటుంది, అమ్మకు అదే గుర్తొచ్చి ఉంటుంది. అలా సర్దుకున్నాను. తర్వాత ఇంటావిడను అడిగాను, లోపల గడియ ఉంటే ఎలా వచ్చారని. "దరవాజా తో ఖులా థా, బేటీ" అంది. తలుపు తీసే ఉందట, నెట్టగానే తెరుచుకుందట.

నేను గడియ పెట్టాను. తియ్యలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇంతే.

ఇప్పుడు రోజూ మందు వాడుతున్నాను. ఆ గదిలోనే ఉంటున్నాం. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసి, "ఒక్కదానివే ఉన్నావేటే?" అని అడుగుతుంది. ఇదివరకైతే టక్కున అవుననేదాన్ని. ఇప్పుడు ఒకసారి తలుపు వైపు చూస్తాను. ఇంకేదో మాట ఎత్తుకుంటాను.