పెళ్లిచూపులకు సన్న సీటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది, నాకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయన్నది. నాందేడ్‌లో మా మేనమామ సైకిళ్ల దుకాణంలో చేరి ఏడాది కాలేదు, ఫోన్లో వీడియోలు చూసి చూసి సీట్ల శాస్త్రంలో పండితుణ్ణయిపోయాను. పాలు పోసే ఆసామి వస్తే స్ప్రింగుల వెడల్పు సీటు, పొద్దున్నే పందెంలో ఉన్నట్టు తొక్కే డాక్టరు వస్తే నడుమ గాడి ఉన్న సన్న సీటు. "నిటారుగ కూసునేటోళ్లకు వెడల్పుది, ముందుకు వంగి తొక్కేటోళ్లకు సన్నది. మెత్తగున్నదల్ల సుఖం కాదు సేట్" అని తెలుగులో, మరాఠీలో, హిందీలో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. (నాలుగో భాష రాదు కాబట్టి జనం బతికిపోయారు.) మామ నాకు 'సీట్ మాస్టర్' అని పేరు పెట్టాడు. నేనది బిరుదనుకున్నాను.

అప్పుడే డెబ్బై కిలోమీటర్ల అవతలున్న బిలోలి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల బడిలో టీచరట, రోజూ సైకిల్ మీదే పోతుందట. ఫొటో చూశాక నాకు అన్నం సహించలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇక పెళ్లే వద్దని లోపల్లోపల ఒట్టు కూడా పెట్టుకున్నాను. అమ్మా మామా బస్సులో పోదామన్నారు. సైకిల్ తొక్కే పిల్ల ఇంటికి బస్సులో పోతే నా విద్వత్తు ఏం కావాలి? సైకిల్ మీదే వస్తానన్నాను. ముందు రోజు నా సైకిల్‌కున్న వెడల్పు సీటు ఊడదీసి, అద్దాల బీరువాలో మెరుస్తున్న సన్న రేసు సీటు బిగించాను. హాండిల్ మాత్రం ఎత్తుగానే ఉంచాను, వంగి తొక్కితే ఇస్త్రీ చొక్కా నలుగుతుందని.

"అరే మాస్టర్, గా సీటు మీద బిలోలి దాక పోతవారా? ఊరందరికి చెప్తవు, నీకెవలన్న చెప్పిండ్రా?" అన్నాడు మామ.

"నీకు తెల్వది మామా, షాన్ అంటే గిట్లనే ఉంటది" అన్నాను.

నాయగావ్ దాకా రాజులా పోయాను. నర్సీ చేరేసరికి ఆ సీటు నాకు ఎక్కడెక్కడ ఎముకలున్నాయో పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి సగం దూరం పెడళ్ల మీద నిలబడి, మిగతా సగం సైకిల్ నడిపించుకుంటూ పోయాను. (దారిలో గొర్రెల కాపరి ఒకాయన "పంచర్ ఝాలా కా?" అని, పంచరైందా అని మరాఠీలో అడిగాడు. అవునన్నాను.)

వాళ్లింట్లో అమ్మా మామా అప్పటికే గాదీ పరుపు మీద కూర్చుని ఉన్నారు. పిల్ల నాన్న "బసా, కూసోండ్రి" అంటూ నాకు పీట చూపించాడు. చెక్క పీట. కూర్చోబోయి, సగంలోనే లేచాను. "వద్దు, నిలవడితెనే మంచిగున్నది" అన్నాను.

ఇంతలో పిల్ల పోహెలు, అదే అటుకుల ఉప్మా, తెచ్చిపెట్టి తన నాయనమ్మ పక్కన కూర్చుంది. మా ఇళ్లల్లో ఒక లెక్క ఉంది. పెళ్లికొడుకు పీట మీద కూర్చుని పోహెలు తింటే పిల్ల నచ్చినట్టు, కూర్చోకపోతే సంబంధం వద్దన్నట్టు. నేను నిలబడే తింటున్నాను. పిల్ల నాన్న ముఖం వాడిపోయింది. "పోరనికి మనసు లేనట్టున్నది" అని నాయనమ్మ గొణగడం వినబడింది. అమ్మ "కూసోరా" అని పళ్లు కొరికింది. సీట్ల పండితుణ్ణి సీటు వల్లే కూర్చోలేకపోతున్నానని ఏ నోటితో చెప్పను?

అంతలో పిల్ల బయటికి పోయి వచ్చింది. గోడకు ఆనించిన నా సైకిల్‌ని చూసి వచ్చిందన్నమాట. లోపలి నుంచి దూది దిండు తెచ్చి పీట మీద వేసి, తల ఎత్తకుండానే అంది.

"బాపూ, ఆయనకు మనసు లేక కాదు. హాండిలేమో ఎత్తుగున్నది, సీటేమో రేసుది. నిటారుగ కూసుంటే బరువంత సీటు మీదనే పడతది గద. నాందేడ్ నుంచి గట్లనే అచ్చినట్టున్నరు."

ఇల్లంతా నవ్వింది. మామ అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేను రెండు చేతులూ నేలకు ఆనించి, మెల్లగా దిండు మీద కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. (చూసినవాళ్లు సంతోషంతో అనుకున్నారు. సగం నిజమే.)

"గిప్పుడు చెప్పు బిడ్డా, మనసున్నదా?" అంది నాయనమ్మ.

"ఉన్నది" అన్నాను. తిరుగు ప్రయాణం బస్సులోనే, పైన సైకిల్, లోపల నిలబడి నేను.

ఇప్పుడు నా సైకిల్‌కు పాలవాళ్ల స్ప్రింగు సీటే. నా పొట్టకు అదే సరి. ఆ సన్న సీటు దుకాణంలో మేకుకు వేలాడుతుంటుంది. ఎవరైనా అడిగితే "గది అమ్మేది కాదు" అంటుంది మా ఆవిడ, నా వైపు చూడకుండా. మొన్న దాని దుమ్ము దులుపుతుంటే, చొక్కా నలగకుండా నాయగావ్ దాకా రాజులా పోయిన ఆ మూర్ఖుడు గుర్తొచ్చాడు. వాణ్ణి ఎంతసేపు తిట్టుకున్నా చివరికి నవ్వే వస్తుంది. వాడే ఆ రోజు సరైన సీటు పెట్టుకుని ఉంటే హాయిగా కూర్చుని పోహెలు తిని వచ్చేసేవాడు. ఆమె వాడి కోసం లేచి వెళ్లి దిండు తెచ్చేది కాదు.