చలానాలో కనిపించిన వీపు

నా మోటారు సైకిల్ మీద నేను గంటకు నలభై కిలోమీటర్లు ఏనాడూ దాటలేదు. ఏలూరులో ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పినంత కాలమూ ఇదే నియమం. పదవీ విరమణ తరువాతా ఇదే. వేగం రెట్టింపైతే బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలని బోర్డు మీద లెక్క కట్టి చూపినవాడు, రోడ్డెక్కగానే ఆ లెక్కను మరచిపోకూడదు.

అందువల్ల కిందటి వేసవిలో ఒక ఆదివారం మా అల్లుడు తన ఫోనును నా ముందు పెట్టినప్పుడు, నేను చూస్తున్నదేమిటో వెంటనే బోధపడలేదు.

“మామయ్యగారూ, మీ బండికి ఓవర్ స్పీడ్ చలానా వచ్చిందండీ,” అన్నారాయన. బండి కాగితాలు ఆయనే రెన్యువల్ చేయించారు గనుక సందేశం ఆయన ఫోనుకే వచ్చింది.

జాతీయ రహదారి మీద వెనుక నుంచి తీసిన ఫొటో అది. నంబరు నాది. హెల్మెట్ నాది. గాలికి బుడగలా ఉబ్బిన చొక్కాలో ఉన్న మనిషి లావో సన్నమో తెలియడం లేదు. పక్కన వేగం ఎనభై ఆరు అని ఉంది.

“ఎనభై ఆరా!”

“ఆయ్, ఎనభై ఆరేనండీ.” ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఫోనును జేబులో వేసుకున్నారు. “మీరేం కంగారు పడకండి. నేను చూసుకుంటాను లెండి. అమ్మాయికి మాత్రం చెప్పకండి.”

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. తప్పు చేయనివాడికి దాపరికం దేనికి?

ఆ బండిని నడిపేది నేనూ అల్లుడూ ఇద్దరమే. అమ్మాయీ అల్లుడూ వట్లూరులో ఉంటారు. ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తారు. వంటకు ముందు ఆయన నా బండి మీద కొల్లేటి వైపు వెళ్లి, చెరువుల గట్టున తూచి ఇచ్చే కొరమేనులు తెస్తారు. ఆయన వెళ్లి వచ్చే సమయాన్ని మనసులోనే దూరంతో భాగించి చూశాను. నలభైకి లోబడినవాడు అంత త్వరగా తిరిగి రాలేడు. పైగా ఆ రోజుల్లో ఇంజను కూడా ఇబ్బంది పెడుతోంది. అంతకు ముందే ఒకసారి మెకానిక్కుకు చూపించినా, కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు రొప్పేది. కొల్లేటి రోడ్డు మీద నన్ను దింపి, రెండుసార్లు మొండికేసింది. ఎవరో దాన్ని మితిమీరి తోలుతున్నారని, దాని ఫలితమే ఇదని తీర్మానించుకున్నాను.

విద్యార్థి అయితే బెంచీ ఎక్కించి అడిగేవాణ్ణి. ఈయన అల్లుడు.

“ఏవండీ, అల్లుణ్ణి అడిగే మాటేనా అది?” అని, సంగతి చెప్పగానే మా ఆవిడ హెచ్చరించింది. “పెళ్లయి పన్నెండేళ్లయినా అల్లుడు అల్లుడే. పిల్ల ముఖం చూసైనా ఊరుకోండి.”

నేరుగా అడగలేక చుట్టు తిప్పి అడిగాను. మరుసటి ఆదివారం విస్తరి ముందు కూర్చున్నాక, “హైవే మీద ఇప్పుడు గాలి ఎలా ఉంటోందండీ అల్లుడుగారూ?” అన్నాను.

ఆయన అన్నం కలుపుతూ మెత్తగా నవ్వారు. “ఏమోనండీ. మీకే తెలియాలి.”

నేను దాన్ని ధిక్కారంగా తీసుకున్నాను.

ఆ తరువాతి వారం ఆయన బండి తీయబోతే, ఇంజను బాగాలేదని అడ్డుపడ్డాను. భోజనాల దగ్గర, మెకానిక్కుకు తాను చూపిస్తానన్నారు. “అక్కర్లేదు. బండి పాడైన కారణం నాకు తెలుసు,” అన్నాను. నా కంఠంలో తరగతి గది వినిపించిందని నాకే తెలిసింది. వడ్డిస్తున్న అమ్మాయి చేయి ఆగిపోయింది. ఆయన తల వంచుకుని మజ్జిగ పోసుకున్నారు.

తరువాతి ఆదివారం వాళ్లు రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు.

“ఏదో పనుందంది పిల్ల,” అని మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. “నాకు తెలీదా ఆ పనేంటో! బండి కోసం కూతుర్ని దూరం చేసుకోండి. రేపు దాని వెనక ఎవరు కూర్చుంటారో చూస్తాను.”

అంతవరకూ వచ్చాక ఊహలతో లాభం లేదనిపించింది. నెట్ సెంటరుకు వెళ్లి బండి నంబరిచ్చి, చలానాను కాగితం మీద తీయించాను. అందులో ఫొటోతో పాటు తేదీ కూడా ఉంది. ఇంటికి వచ్చి క్యాలెండరు చూశాను. ఆదివారం కాదు, బుధవారం. జవాబు పత్రం మీద తేదీ లేకపోతే తిప్పి పంపేవాణ్ణి నేను. ఇన్ని వారాలుగా ఆ తేదీ అడగనే లేదు. అల్లుడి చేతిలోని ఫోనును ఇలా ఇవ్వమని అనడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ బుధవారం ఉదయం నుంచి సాయంత్రం దాకా నా బండి, దానికి తగిలించిన హెల్మెట్‌తో సహా, మెకానిక్కు దగ్గర ఉంది.

అతని షెడ్డుకు వెళ్లి కాగితాన్ని ముందు పెట్టాను. “ఈ వీపు ఎవరిది?”

అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. “నాదేనండి మాస్టారూ. ఫొటో బాగా వచ్చిందండి.”

“నా బండి మీద ఎనభై ఆరు వేగంతో ఎందుకు పోయావు?”

“మీరు నలభై దాటరు కదండీ. అదీ టాప్ గేర్లోనే తోల్తారు. లోపలంతా మసి పట్టేత్తదండి. ఆరు నెలలకోసారి గూడెం దాకా గట్టిగా లాగించి తీసుకొత్తానండి. మసి ఊడిపోద్ది. ఈసారి గాలివానొచ్చి దారిలో గుండుగొలను కాడే తిరిగొచ్చేశాను. అందుకే మళ్లీ మొదలెట్టిందండి.”

“ఎన్నాళ్లుగా సాగుతోందిది?”

“తొమ్మిదేళ్లుంటదండి.”

“నాతో ఒక్క మాటైనా అనలేదేం?”

“అంటే లాగనిత్తారాండీ?”

ఇవ్వను. ఆ మాటే చెప్పాను. తాడేపల్లిగూడెం రోడ్డు మసి దులుపుకునే చోటు కాదనీ, దాని మీద మనుషులు నడుస్తారనీ, ఇంజను విప్పి చేత్తో గీకి శుభ్రం చేయమనీ చెప్పాను. రెండు రోజులు పడుతుందన్నాడు. ఉంచుకోమన్నాను. విప్పాక నన్ను పిలిచి పిస్టన్ చూపించాడు. దాని తల మీద పెనం అడుగు లాగా మసి గట్టిపడి ఉంది. నలభైలో పోవాలంటే మూడో గేరు చాలునట. భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ మాటను అతని దగ్గర నేర్చుకున్నాను.

మిగిలిన పని దీనికంటే కష్టం. వట్లూరు వెళ్లాను. అల్లుడు కుర్చీ వేయబోతుంటే నిలబడే చెప్పాను.

“అల్లుడుగారూ, ఇన్ని వారాలుగా నేను మిమ్మల్ని అనుమానించాను. పొరపాటు నాది.”

“నన్నాండీ?” ఆయన నిజంగానే బిత్తరపోయారు. “దేనికండీ?”

కాగితం అందించాను. ఆయన చదివి అమ్మాయి వైపు చూశారు. అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాన్నగారూ, ఈయనేమో మీరే తోలారనుకున్నారు. నాక్కూడా చెప్పకుండా దాచారు. మీ మాటలు చూసి నేను గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టారు.”

“మీ హెల్మెట్టే కదండీ మరి,” అన్నారాయన నేల చూస్తూ. “పెద్దవారు, ఏదో సరదా పడ్డారు, అడిగితే బాగోదని...”

“మరి రావడం ఎందుకు మానేశారు?”

“బండి పాడైన కారణం నాకు తెలుసన్నారు కదా,” అంది అమ్మాయి. “మీరే పాడుచేసుకుని సిగ్గుపడుతున్నారనుకున్నాం. కొన్నాళ్లు మీకు ఎదురుపడకపోతే మంచిదని రాలేదు.”

నేను కూర్చున్నాను. మెకానిక్కు సంగతంతా వరుసగా వివరించాను: టాప్ గేరు, మసి, తొమ్మిదేళ్లు, గాలివాన. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

“ఆయ్, మెకానిక్కేనండీ,” అన్నారు అల్లుడు. పన్నెండేళ్లలో ఆయన నాతో అంత త్వరగా ఎన్నడూ ఏకీభవించలేదు.

“నమ్మారా?”

“అయ్యో, ఎంత మాటండీ.”

అమ్మాయి కాఫీ నెపంతో లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఇద్దరూ భోజనానికి వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు అమ్మాయి తల్లిని గేటు దగ్గరకు పిలిచి ఏదో చెప్పింది. ఆవిడ లోపలికి వచ్చాక ఏమిటని అడిగాను.

“ఏం లేదండీ,” అంది మా ఆవిడ. “బండి మీద నెమ్మదిగా వెళ్లమని మీకు చెప్పమంది.”