ముందు అన్న దగ్గరికి వెళ్లమన్నాడు

అన్నం వండిన ప్రతిసారీ దేవుడి కోసం గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మా సంఘంలో ఆడవాళ్ల అలవాటు. ఆ ఆదివారం ఆ బియ్యం సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాస్టరుగారు వాక్యం చెబుతున్నారు. తోబుట్టువుకు నీమీద మనసులో ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడట ప్రభువు. నాకు ఒళ్లు మండింది. తప్పెవరిదో తేల్చకుండానే వెళ్లమనడమేమిటి?

అన్నకు నామీద కోపం అమ్మ పోయినప్పటిది. పదోరోజు అమ్మకు పెట్టిన అన్నాన్నే అందరికీ వడ్డించారు. బాప్తిస్మం తీసుకున్నదాన్ని, ఎలా తింటాను? విస్తరి ముందు నుంచి లేచిపోయాను. "అమ్మ బువ్వ గూడ ముట్టకపోతివి గదే! ఇగ నా గడప తొక్కకు" అన్నాడు అన్న. అంతే, ఇక మాటల్లేవు. నేనేమో దాన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పాను కూడా. స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆ ఏడుపు సంగతి ఎవరికీ చెప్పలేదు. బీడీలు చుడుతుంటే చేతులు వాటంతటవే ఆడతాయి, మనసు మాత్రం జోడ్‌భావి పేట్‌లో అన్న ఇంటి చుట్టే తిరుగుతుంది. 'ప్రభువా, మా అన్నకు బుద్ధి చెప్పి నా దగ్గరికి పంపు' అని రోజూ అడిగేదాన్ని. ఆయన చెప్పిందేమో, నువ్వే వెళ్లమని.

సంచీ అక్కడే పెట్టి లేచాను. పాస్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆరాధన అయినంక పోరాదా అక్కా."

"గప్పటికి నా మనసు మారుతది. ఇడువమ్మా" అన్నాను.

అన్న పనిచేసే కార్ఖానాకు ఆదివారం సెలవు లేదు, నేరుగా అక్కడికే వెళ్లాను. పవర్‌లూముల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవడమే. చిన్నప్పుడు నాన్నకు అన్నం డబ్బా తీసుకొచ్చినప్పుడు మేమిద్దరం అలాగే మాట్లాడుకునేవాళ్లం. గుమ్మంలో నిలబడి 'అన్నా' అని పెదాలు కదిపాను. చూశాడు. చూసి, మగ్గం వైపు తిరిగిపోయాడు. కార్ఖానాలో మాట విననని చెప్పడానికి చెవులు మూసుకోనక్కర్లేదు, వీపు తిప్పితే చాలు.

రోషం తన్నుకొచ్చింది. వచ్చిన దారినే పోదామనుకున్నాను. కానీ ఆ వీపు! బనియను చిరిగి, భుజాలు జారిపోయి, ఎంత ముసలివాడైపోయాడు మా అన్న! గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"నువ్వు మాట్లాడకుంటే నా పానం నిలుస్తలేదన్నా!"

కార్ఖానా మొత్తం విన్నది. అందరూ నావైపే చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అన్న ఆగిన మగ్గం మీద తెగిన పోగును ముడేశాడు. తర్వాత, ఇటు తిరగకుండానే, "నువ్వు అమ్మ బువ్వ తినలేదని నాకింకా కోపం పోలే" అన్నాడు.

"ఉండనీ. మళ్ల పెట్టినా నేను తినను. కొట్లాట తెంపనీకి రాలే నేను. నిన్ను చూడనీకొచ్చిన."

పక్కనున్న స్టూలును కాలితో నావైపు తోశాడు.

"లైట్ వచ్చెదాంక కూసో."

కూలి పోతోందని చుట్టూ అందరూ కరెంటును తిడుతున్నారు. నేను మాత్రం కళ్లు మూసుకుని, ఇప్పుడప్పుడే రానియ్యకు తండ్రీ అని వేడుకున్నాను.