దిగువ చూసి రావడం

లాకు తలుపు ఎత్తే ముందు నారాయణస్వామి గట్టు దిగి కిందిదాకా నడిచి వెళ్ళేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా మానలేదు. అది ఏ ఆఫీసరూ పెట్టిన రూలు కాదు. గోదావరి కాలువ మీద లస్కరుగా చేసి ఓడెక్కి ఈ పరాయి దేశానికొచ్చిన తాత తండ్రికి నేర్పితే, తండ్రి ఇతనికి నేర్పాడు.

క్రాంజీ దగ్గరి ఆ లాకు పెద్దదేం కాదు. మంచినీటి కాలువకూ సముద్రపు పాయకూ మధ్య రెండు జతల తలుపులు. పూడిక తీసే పడవ వాటి మధ్యకు వచ్చి ఆగితే, తూములు తెరిచి నీటిమట్టం సమానం చేసి అవతలికి పంపాలి. వానలు ముదిరితే కాలువ నీళ్ళు సముద్రంలోకి వదలాలి. అవి ఎంత వడిగా దూకుతాయో పైన గదిలో కూర్చున్నవాడికి తెలియదు. దిగువ బురదలో ఆదివారం పూట డార్మిటరీల్లో ఉండే వలస కూలీలు పీతలు పట్టుకుంటూ ఉంటారు. "పైకి రండ్రా! మేల వాంగడా!" అని తెలుగులోనూ అరవంలోనూ అరిచి, ఆఖరివాడు గట్టెక్కాకే స్వామి తలుపు ముట్టుకునేవాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ప్రతి మరకూ కంప్యూటర్ తగిలించాలన్న పిచ్చి ఊరంతా పట్టుకుంది, లాకును మాత్రం ఎందుకు వదులుతుంది? చాంగీ బిజినెస్ పార్కులోని ఒక కంపెనీ నుంచి సరయు అనే కాకినాడ పిల్ల లాప్‌టాప్‌తో దిగింది. స్వామికి తెలిసినదంతా ఆమె పట్టికలోకి ఎక్కిస్తే, ఇక తలుపులు వాటంతటవే లేస్తాయి. తన ఉద్యోగం ఊడుతుందని స్వామికి తెలుసు. అయినా తెలుగు మాట్లాడే మనిషి దొరికిందని పొంగిపోయాడు, పిచ్చి మారాజు! చోవా చూ కాంగ్‌లోని ఫ్లాటుకు పిలిచి భార్య సీతాలక్ష్మి చేత భోజనం కూడా పెట్టించాడు.

ఎగువ, దిగువ, పోటు, పాటు, తూము. ఒక్కో మాటకూ ఇంగ్లీషు పేరు ఒక గడిలో, అర్థం ఒక గడిలో, కొలిచే పరికరం ఇంకో గడిలో.

"దిగువ చూసి రావడం అని రాయమ్మా. అదే ఫస్ట్ రాయాల," అన్నాడు స్వామి.

"దాన్ని దేంతో కొలుస్తారు అంకుల్?"

"కళ్ళతోనే. ఇంకేంటితో?"

"సెన్సార్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు అంకుల్. సైరన్ పెడుతున్నారుగా, చాలదా?"

"చుట్టూ సైట్లలో పొద్దస్తమానం సైరన్లే కదమ్మా. ఎవడు లెక్కచేస్తాడు?"

సరయు రాసుకుంది. కానీ ఆఖరి రోజు, 'నాకు తెలిసినదంతా ఇందులో ఉంది' అన్న కాగితం సంతకానికి తెచ్చినప్పుడు, పట్టికలో ఆ వరస లేదు.

"మా మేనేజర్ తీసేశారు అంకుల్," అంది తలెత్తకుండా. "ఇవాళ మీ సైన్ కాకపోతే నా వర్క్ పాస్ రెన్యూ చెయ్యరు." కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆఫీసరైతే స్వామి కడిగి పారేసేవాడే. తన ఇంట అన్నం తిన్న పిల్ల ఏడుస్తుంటే నోరు రాలేదు. సంతకం పెట్టేశాడు.

ఎనిమిది నెలల తర్వాత, జోరువాన కురిసిన ఒక ఆదివారం మధ్యాహ్నం, సైరన్ మోగింది, తలుపు లేచింది. పీతలు పడుతున్న సింహాచలం అనే విశాఖ వైపు వెల్డరు కొట్టుకుపోయాడు. రెండు రోజులకు మడ చెట్లలో శవం దొరికింది. హాకర్ సెంటర్ కాఫీ కొట్లో పేపరు చదివి స్వామి కప్పు ముట్టకుండా ఇంటికొచ్చాడు. "నేనే చంపేశాను సీతా," అన్నాడు.

విచారణకు పిలుపు వచ్చింది. ముందురోజు సరయు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరు నాకు చెప్పారని తెలిస్తే నా పని అయిపోయినట్టే అంకుల్. మేనేజర్ తనకేం తెలియదంటున్నారు, కేసు నామీదే పెడతారు. మీరు చెప్పలేదనే కదా ఆ కాగితంలో ఉన్నది..."

స్వామి భార్య వంక చూశాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు విచారణాధికారి మర్యాదగానే అడిగాడు. "తలుపు ఎత్తే ముందు ఎవరైనా కిందికెళ్ళి చూసే పద్ధతి ఉండేదా? ఉండేదంటే చెప్పండి, మళ్ళీ మనిషిని పెట్టిస్తాం."

ఉండేది. మూడు తరాలుగా ఉండేది. ఆ ఒక్క మాట అంటే చాలు, వచ్చే ఆదివారం బురదలోకి దిగేవాళ్ళు బతుకుతారు. కానీ ఆ మాట అంటే సరయు బతుకు బుగ్గి అవుతుంది. ఎవరిదో ఒకరి గొంతు కోయక తప్పదని ఆ ముసలాయనకు అర్థమైంది. వాళ్ళ ముఖాలు అతనెరుగడు. ఈ పిల్ల ముఖం ఎరుగును.

"లేదు సార్," అన్నాడు.

అధికారి రాసుకున్నాడు. దిగువ చూసే పద్ధతి ఈ లాకులో ఏనాడూ లేదు, కనుక కొత్త ఏర్పాటులో మార్పు అక్కర్లేదు. చదివి వినిపించి, సరేనా అని అడిగాడు. నారాయణస్వామి తలూపాడు.