మొక్కు పందిపిల్ల

డెబ్బైల చివర నాది దోమలు పట్టే ఉద్యోగం. విశాఖపట్నం ఆఫీసు కాగితాల్లో ఇన్‌సెక్ట్ కలెక్టర్ అని ఉండేది. పద్మనాభం దగ్గర మా ఊళ్ళో మాత్రం దోమల కలెక్టరుగారని ఏడిపించేవారు. సందెవేళ పశువుల పాకల్లో దూరి, గోడ మీద వాలిన దోమని గాజుగొట్టంలోకి నోటితో పీల్చాలి. మధ్యలో వలగుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. వినేవాళ్ళు మొహం చిట్లించేవారు గానీ నాకా పని భలే ఇష్టం.

ఆ ఏడు మెదడువాపు జ్వరం మాట కొత్తగా వినబడింది. వరిచేలల్లో పుట్టే దోమ తెస్తుందన్నారు. ఆ దోమకి ఎక్కడ అంటుకుంటుందో పైవాళ్ళకి తెలుసేమో, నాకు చెప్పలేదు. దోమల్ని పట్టి తెమ్మన్నారంతే.

మా అక్క ఇల్లు చేలని ఆనుకునే ఉండేది. అంతకుముందు ఏడు ఆమె ఆరేళ్ళ కూతురికి తట్టు పోసి గండం గడిస్తే, అమ్మోరికి పందిపిల్లని మొక్కుకుంది. మా వైపు అది మామూలే. పండగ దాకా పెరట్లో కట్టి, తవుడూ గంజీ పోసి పెంచుతోంది. వానలు పడగానే దాని చుట్టూ దోమలే దోమలు. పది పాకలు తిరిగితే దొరికేవి అక్కడ ఒక్క సందెలో దొరికేవి. రక్తం తాగి పొట్ట ఎర్రబడ్డాక ఎటు పోతాయా అని కాపు కాశాను. చాలామట్టుకు ఇంటి గోడకే వాలేవి.

"కంపు కొడతందిరా. దోమలు నా కూతుర్ని పీక్కు తినేత్తన్నాయి. పందులోళ్ళ దగ్గిరెట్టి పండగకి తెచ్చుకుంటాను," అంది అక్క.

"ఇంకో నెల ఉంచక్కా. నాకు దోమలు బాగా దొరుకుతన్నాయి," అన్నాను. తమ్ముడి ఉద్యోగం కదా, ఉంచింది.

ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. ఆ పందిపిల్ల రక్తం కూడా తీసుకెళ్ళారు. జబ్బు లేనిదానికి రక్తపరీక్ష ఎందుకని డాక్టరుగారిని అడిగాను. వైరస్ పంది ఒంట్లో పెరుగుతుందట, పందికి మాత్రం ఏమీ కాదట. దాన్ని కుట్టిన దోమ మనిషిని కుడితేనే ప్రమాదం. ఎంత చిత్రం అనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గే గానీ, మొదట అనుకున్నది అదే. మేనకోడలు ఆ తరవాత గుర్తొచ్చింది. పరుగున బస్సెక్కాను.

అప్పటికే పిల్లకి జ్వరం, ఫిట్స్. పట్నంలో ఆసుపత్రిలో చేర్చాం. పదకొండో రోజున కళ్ళు తెరిచింది గానీ, పేరు పెట్టి పిలిస్తే మావైపు తిరగలేదు. బతికింది, నడిచింది, మాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ ఆసుపత్రి మంచం పక్కనే అక్క అడిగింది: "పంది వల్లేనేటిరా?"

అవునన్నాను.

"నాను మొక్కుకోకపోతే బాగున్ను," అంది.

ఉంచమన్నది నేనేనని ఆమెకి గుర్తుందో లేదో తెలీదు. నేను గుర్తు చెయ్యలేదు.