కుట్టని నల్ల గౌను

ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను.

పంతొమ్మిదివందల నలభైల మొదట్లో అమీర్‌పేటలో పక్కపక్కనే రెండు దర్జీ కొట్లుండేవి, నాదీ వీరయ్యదీ. ఇద్దరం సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లమే. మా నాయన పోయి నేను మైలలో ఉన్నప్పుడు, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో, “చావింటి సూదితోని పెండ్లి రవికెలు కుట్టిస్తరా?” అని నా గిరాకీనంతా వీరయ్య తన కొట్టుకు మళ్లించుకున్నాడు. మా నాయన చావును అమ్ముకున్నాడు, వెధవ. నాకూ ఒక రోజు రాకపోతుందా అనుకున్నాను.

వచ్చింది. పంజాగుట్ట బంగళాలో ఇంగ్లీషు దొరసానికి బట్టలు కుట్టే పని వీరయ్యకు కొత్తగా దొరికింది. ఒక మధ్యాహ్నం, ఏమీ జరగనట్టే, నా కొట్టు మెట్టెక్కాడు. మా వాడలో కాస్త ఇంగ్లీషు చదివింది నేనొక్కణ్ణే.

“తమ్మీ, మార్నింగ్ అంటే పొద్దుగాల గదా? బట్లర్ ఏడ్చుకుంట వచ్చి, దొరసానికి రేపటికల్లా మార్నింగ్ గౌను గావాలె అన్నడు. గుడ్డ సుత నన్నే తెమ్మన్నడు. గా ఏడుపేంది?”

“అది వేరే మాట అన్నా. రెండూ ఒక్క తీరుగనే వినవడతయ్. ఇది చావు దుఃఖం. వాళ్లింట్ల ఎవరో పోయిండ్రు. దానికి ఏసుకునే గౌను.”

“అట్లనా. జరంతైతే పొద్దుటి గౌనే కుడుతుంటి. నీకు పున్నెముంటది తమ్మీ. పోయి తెల్లగుడ్డ తెస్త.”

నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. చావుకు వాళ్లు నలుపు వేసుకుంటారని మిషన్ బడిలో చదివే రోజుల్లోనే చూశాను. అబద్ధం ఆడానా? లేదే. రెండు మాటల తేడా సరిగ్గానే చెప్పాను. వీడి నోట్లో మన్ను పడుతుందని ఆ పూట అన్నం కూడా రుచిగా తిన్నాను.

పడింది. తెల్ల గౌను కుట్టి తీసుకుపోయినందుకు బంగళా పని పోయింది. ఆ సంగతి పాకి మిగతా బంగళాలూ పిలవలేదు. కొట్టు మూసేసి షోలాపూర్ మిల్లుకు పోయాడు. పోతూ, “నువ్వు మంచిగనే జెప్పినవ్ తమ్మీ, నాకే తెల్వకపాయె” అన్నాడు. జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు.

మరి ఆ ముల్లేమిటి? గౌను ఇచ్చే రోజున వీరయ్య మొహం చూద్దామని బంగళా గేటు దాకా వెళ్లాను. దొరసాని కొడుకును పాతిపెట్టడానికి బగ్గీ ఎక్కుతోంది. నల్లది లేక, మండుటెండలో పూల గౌను మీద మొగుడి నల్లకోటు తొడుక్కుంది. పూలు కనబడకుండా రెండు చేతులతో కోటు దగ్గరికి పట్టుకుంది. ఆమె నాకేం చేసింది?

“నల్లది కుట్టు, అన్నా.” ఆనాడు చెప్పవలసింది ఆ ఒక్క మాటే. ఇదిగో, ఇప్పుడు చెప్పాను.